దేవదూతల భాష కాదది

నోరిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నోటికి ఇన్ని భాషలిచ్చిన దేవునికి మరీ స్తోత్రం. బాబెలు దగ్గర మనుషుల మాటల్ని కలగాపులగం చేసినవాడూ ఆయనే, పెంతెకొస్తు దినాన ఆ మాటలన్నిటినీ పిలిచి పక్కపక్కన కూర్చోబెట్టినవాడూ ఆయనే. పటం మీద వేలు పెడితే వేలి కింద కనబడకుండా పోయేంత చిన్న దీవుల్లో కూడా ఒక భాషను మొలిపించి, ఆ భాష మాట్లాడే ఒక మనిషిని ఎన్నో సముద్రాలు దాటించి టౌరంగా అనే ఈ రేవు ఊళ్లో మా మధ్యకు తెచ్చినందుకు ఆయన నామానికి మహిమ.

ఆ మనిషిని పోయిన నెల మట్టికి అప్పగించి వచ్చాం. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నన్ను సమాధిరాయి మీద తప్ప ఇంకెక్కడా చెక్కొద్దన్నానుగా" అంటూ పరలోకం గేటు దగ్గరే నా కోసం కాచుకుని కూర్చుంటాడు. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో అందరికీ ఆయన అంకుల్. ఆయనకు మాత్రం మగవాళ్లందరూ 'స్వా'. వాళ్ల భాషలో స్వా అంటే బావమరిది. దారిన పోయే స్నేహితుణ్ణి కూడా అలాగే పిలుస్తారట, మన వైపు "ఏం బావా" అన్నట్టు. మా పాస్టర్ గారు మొదట్లో ఆ పిలుపుకు మురిసిపోయారు, ఏదో గౌరవపదమనుకుని. అర్థం తెలిశాక ముఖం కొంచెం బిగించి, "అంకుల్, నన్ను బ్రదర్ అనండి, చాలు" అన్నారు.

"బ్రదర్ అంటే చర్చి లోపల," అన్నాడు పెద్దాయన. "స్వా అంటే గుమ్మం బయట కూడా. నేను మిమ్మల్ని బయట కూడా ప్రేమిస్తున్నాను మరి."

నేను ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లకు స్నానం చేయించి, మందులిచ్చి, టిఫిను పెట్టే పని చేస్తాను. ఇక్కడ కేర్‌గివర్ అంటారు. అలా ఉదయంపూట వెళ్లే ఇళ్లలో ఆయనది ఒకటి. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. టోపీ పెట్టుకున్నాకే చొక్కా వేసుకునేవాడు. తన జోకు చెప్పకముందే నవ్వేసి, చెప్పాక మాత్రం ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటకు చూసేవాడు.

మొదటి రోజే నన్ను అడిగాడు. "నీ భాషేంటి?"

"తెలుగు."

"ఎంతమంది మాట్లాడతారు?"

"కోట్లమంది అంకుల్."

"అబ్బో! ఇంత డబ్బున్నవాడివి నా వీపు రుద్దడానికొచ్చావా?"

ఆయన భాష పాపియామెంటు. పాపియా అంటేనే మాట్లాడటం. వెనిజులా తీరానికి ఎదురుగా కురసావ్ అని ఒక దీవి, దాని పక్కన ఇంకో రెండు దీవులు. ఆ మూడింటి మీద మాట్లాడతారు. ఈ సంగతి నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. మీ భాష ఏమిటని అడిగినవాళ్లకు మనిషికో జవాబు చెప్పడం ఆయన సరదా. మందుల షాపులో పోర్చుగీసు అన్నాడు. పక్కింటివాళ్లకు పాడైపోయిన స్పానిష్ అన్నాడు. పోయిన భార్య తరఫు డచ్ చుట్టాలకు, "మీ భాషే, ఎండలో ఆరేశాం" అన్నాడు. ఎవరైనా "ఏదీ, ఏమైనా మాట్లాడండి" అంటే గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆశీర్వచనంలాగా గంభీరంగా ఒక పెద్ద వాక్యం చెప్పేవాడు. వాళ్లు చేతులు జోడించి వెళ్లాక నాతో అనేవాడు, "ఆవిడ పళ్ల మధ్య పాలకూర ఉందని చెప్పాను స్వా."

నేను గడ్డం గీస్తున్నంతసేపూ చరిత్ర చెప్పేవాడు. బ్లేడు గొంతు దగ్గరికి వస్తే ఆపి, అది దాటగానే ఆపిన చోటే మొదలుపెట్టేవాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల నోళ్లలో, వాళ్లను అమ్మినవాళ్ల పోర్చుగీసు ముక్కలతో ఆ భాష మొదలైందట. తర్వాత స్పానిష్ చేరింది, డచ్ చేరింది. పోర్చుగల్ నుంచి తరిమేస్తే వచ్చిన యూదులు అందులోనే ఉత్తరాలు రాసుకున్నారు. కతోలిక ఫాదర్లు అందులోనే ప్రసంగాలు చేశారు. "మా వంశంలో వీళ్లందరూ ఉన్నారు. నా ముక్కు ఎవరిదో ఇంకా తేలలేదు," అనేవాడు. దొరల పిల్లల్ని పెంచింది యాయాలు, అంటే నల్లజాతి ఆయాలు. పిల్లలు అమ్మ భాష కంటే ముందు ఆయా భాష నేర్చుకున్నారు. "అందరి దేశాల్లో భాష భోజనాల బల్ల మీంచి వంటింట్లోకి దిగుతుంది. మాది వంటింట్లోంచి లేచి వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది," అని టోపీ సర్దుకునేవాడు. అయినా బడిలో మాత్రం డచ్చే. ఆటల్లో నోరు జారి తన భాష మాట్లాడితే మాస్టరు మూల నిలబెట్టేవాడట. "ఆ మూల నాకు బాగా తెలుసు. అక్కడ బల్లి కూడా మా భాషే మాట్లాడేది."

ఓడల మీద పనిచేస్తూ డచ్ అమ్మాయిని పెళ్లాడి, ఆమె వెంట ఈ దేశం వచ్చి, టౌరంగా రేవులో రిటైరయ్యే దాకా పనిచేశాడు. ఒక్కతే కూతురు. కారులో మూడు గంటల దూరాన ఆల్బనీలో ఆఫీసు ఉద్యోగం, అప్పుడప్పుడు వచ్చేది. ఇంట్లో పిల్లకు ఇంగ్లీషే అలవాటు చేశారు. "డాడ్ మాట్లాడితే అర్థమవుతుంది, తిరిగి మాట్లాడలేను," అంది నాతో. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో నా కూతురు తెలుగు గురించి చెప్పేదీ సరిగ్గా అదే మాట.

ఆయనకు చావంటే భయం లేదు. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పిన రోజున కూడా, "అది మా ఆవిడ దగ్గర పిసినారితనం నేర్చుకుంది, ఆచితూచి కొట్టుకుంటోంది," అన్నాడు. ఆయన భయం వేరు. ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడే అక్క ఆ దీవిలో కన్నుమూసింది. ఆమె పోయాక తన భాషలో "ఏం తిన్నావురా" అని అడిగే నోరు ఆయనకు లేకుండా పోయింది.

"స్వా, నన్ను గోతిలోకి దించేటప్పుడు ఎవరో ఒకరు పరలోక ప్రార్థన నా భాషలో చెప్పాలి. ఇంగ్లీషులో పంపిస్తే అక్కడ మా అమ్మ వేరే ఎవరో వచ్చారనుకుంటుంది."

ఫోనులో రికార్డు చేసి పెడదామన్నాను. "పెట్టెలోంచి వచ్చే ప్రార్థనకు ఎవడు ఆమేన్ అంటాడు?" అన్నాడు. కతోలిక చర్చి నుంచి వచ్చే ఫాదర్ మంచి మనిషి. స్పానిష్ తెలిసినవాళ్లతో చెప్పిస్తాను, దగ్గరగానే ఉంటుంది కదా అన్నారు. "దగ్గరగా ఉండేది పక్కింటివాడి చొక్కా కూడా. వేసుకుని పోతానా?" అన్నాడు. చివరికి నేనే నేర్చుకుంటానన్నాను. కొన్నాళ్లు ప్రయత్నించాను. కళ్లు మూసుకుని శ్రద్ధగా విని, నా భుజం తట్టి అన్నాడు, "స్వా, నువ్వు చదువుతుంటే మాత్రల పేర్లు చదివినట్టుంది. రోజుకు రెండుసార్లు భోజనం తర్వాత అని కూడా చేర్చు."

అక్క పోకముందే ఆయన మా సహవాసానికి రావడం మొదలుపెట్టాడు. వాక్యం కోసం అని చెబితే అబద్ధమవుతుంది. నెలకోసారి మాకు ఆరాధన తర్వాత భోజనాలుంటాయి. అద్దెకు తీసుకున్న బడి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మూడు గంటల తెలుగు ఆరాధన, చివర బిర్యానీ. "అన్నం ఉంటుందంటే ఎంతసేపైనా అర్థం కాకుండా కూర్చోగలను," అన్నాడు. కారులో ఎక్కించుకుని తీసుకెళ్లాను.

మా ఆరాధనలో ఒక పద్ధతి ఉంది. పాస్టర్ గారు "ప్రార్థిద్దాం" అనగానే అందరూ ఒకేసారి గొంతెత్తి, ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకుంటారు. కొత్తవాళ్లకు గొడవలాగా ఉంటుంది. పెద్దాయనకు మాత్రం పండగలాగా ఉంది. "మా పెద్దమ్మ ఇంట్లో భోజనాలప్పుడు అచ్చం ఇలాగే!" అని తనూ లేచి, టోపీ చేత్తో పట్టుకుని మొదలుపెట్టాడు. మేమందరం ఆపేశాం. ఆయన ఆపలేదు. నిశ్శబ్దమైన హాల్లో ఆ కొత్త భాష ఒక్కటే ఎగసి పడుతోంది. ఎవరో "స్తోత్రం!" అన్నారు. ఇంకెవరో ఏడ్చారు. నేర్వని భాషను పరిశుద్ధాత్మే నోట పలికించే అన్యభాషల వరం! మా మధ్య, మొదటి రోజే, తెలుగు ముక్క రాని ఒక ముసలాయనకు!

అప్పుడు చీరాల ఆంటీ లేచారు. చీరాలలో ఏళ్ల తరబడి సండే స్కూలు నడిపి, ఇక్కడ కూతురి దగ్గరికొచ్చి స్థిరపడ్డ మనిషి. విజ్ఞాపన ప్రార్థనలు చేసే స్త్రీలలో పెద్ద. కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, ఆ భాషకు అర్థం చెప్పారు. ఈ సంఘం మీదికి గొప్ప వాన రాబోతోందని, మనం ఇంకా పెద్ద పాత్రలు సిద్ధం చేసుకోవాలని.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, "నిజానికి ఏమని ప్రార్థించారు అంకుల్?"

"ప్రభువా, వీళ్లు చెప్పేది నాకు అర్థం కావడం లేదు, నీకు అవుతుంది కాబట్టి నువ్వే విను. ఈ కుర్చీ నా నడుము విరిచేస్తోంది. పక్క గదిలోంచి వాసన వస్తోంది. దయచేసి ఆ బ్రదర్‌కు ముగించే మనసివ్వు అన్నాను." కాసేపు కిటికీలోంచి చూసి చేర్చాడు, "ముగించారు కదా. ప్రార్థన పనిచేసింది."

ఆ వారమే పాస్టర్ గారితో చెప్పాను, అది ఆయన సొంత భాషేనని. పాస్టర్ గారు చిరునవ్వు నవ్వి, "ఆత్మ ఏ భాషనైనా వాడుకోవచ్చు బ్రదర్, మనం హద్దులు పెట్టకూడదు," అన్నారు.

ఇంక చూడండి. చదువుకోవడానికొచ్చిన కుర్రాడొకడు వీసా కోసం తల వంచితే పెద్దాయన చెయ్యి పెట్టి ప్రార్థించాడు. వీసా వచ్చింది. ఆ తర్వాత డ్రైవింగ్ టెస్టులవాళ్లు, కడుపు పండనివాళ్లు, పళ్లు డబ్బాల్లో సర్దే కివీఫ్రూట్ ప్యాక్‌హౌస్‌లో సూపర్‌వైజరుతో పడనివాళ్లు వరసకట్టారు. ప్రతివాళ్ల కష్టమూ నన్ను అడిగి తెలుసుకుని, నిజంగానే ప్రార్థించేవాడు. "ప్రార్థనలో మోసం లేదు స్వా. వీళ్లే నా అడ్రసు తప్పు రాసుకున్నారు." మరి నిజం చెప్పేయండి అంటే, "ఇంకో బిర్యానీ అయ్యాక," అనేవాడు. ఆంటీ ఆయన ప్లేటులో మంచి ముక్కలన్నీ ఏరి వేసేవారు మరి.

అక్క పోయిన తర్వాతి ఆదివారం పాస్టర్ గారు సంతోషం పట్టలేక ఒక మాటన్నారు. "ఈ భూమి మీద ఏ మనిషీ మాట్లాడని దేవదూతల భాష మన అంకుల్ నోట పలుకుతోంది!" నేను అలవాటుగా ఆ మాట ఆయన చెవిలో ఇంగ్లీషులోకి మార్చాను. ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. నా చెయ్యి పట్టుకుని లేచాడు. "రా. నేను చెప్పేది వాళ్లకు చెప్పు."

ఇంగ్లీషు ప్రసంగీకులు వచ్చినప్పుడు వాక్యం వాక్యం తర్జుమా చేసేది నేనే. మైకు ముందు ఆయన పక్కన నిలబడ్డాను.

"ఏ మనిషీ మాట్లాడడన్నారు. మా అక్క మాట్లాడింది. మొన్నటిదాకా మాట్లాడింది. మా దీవిలో చేపలమ్మేవాళ్లు మాట్లాడతారు, జడ్జీలు మాట్లాడతారు, పార్లమెంటులో అదే భాషలో తిట్టుకుంటారు, ప్రేమించుకుంటారు, బేరాలాడతారు. చిన్నప్పుడు బడిలో అది భాషే కాదన్నారు. ఇక్కడ మీరు దేవదూతల భాష అంటున్నారు. కిందికైనా తోస్తారు, లేకపోతే పైకెత్తేస్తారు. మధ్యలో, మనుషులు కూర్చున్నచోట దాన్ని కూర్చోనివ్వరేం?"

చీరాల ఆంటీ ముందు వరసలోంచి లేచారు. "అయితే ఆ రోజు నేను చెప్పిన అర్థం?"

పెద్దాయన టోపీ తీశాడు. "అమ్మా, మీరు చెప్పింది నేనన్నదానికంటే ఎంతో బాగుంది. నేను కుర్చీ గురించి చెప్పాను."

తర్జుమా చేసేవాడు మాట మింగకూడదు. అదీ చెప్పాను. పిల్లలు నవ్వారు, పెద్దలు నవ్వు ఆపుకున్నారు. ఆంటీ బ్యాగు తీసుకుని వెళ్లిపోయారు.

వరాలున్నాయని నేను నమ్ముతాను. మనసారా నమ్ముతాను. అయితే పెంతెకొస్తు దినాన శిష్యుల నోట వచ్చినవి మనుషుల భాషలేనని, విన్నవాళ్లు తమ తమ ఊరి మాట విని ఆశ్చర్యపడ్డారని ఎన్నిసార్లు చదివినా, నా పక్కన నిలబడి ఆ ముసలాయన అడిగినప్పుడు గాని అది నాకు తాకలేదు. పాస్టర్ గారు మరుసటి వారం ప్రసంగం దాని మీదే చేశారు. అందరి ముందూ ఆయన్ను క్షమాపణ అడిగి, చివర 'స్వా' అన్నారు. గుమ్మం లోపలే.

ఆంటీ మాత్రం కరగలేదు. తర్వాతి బిర్యానీలో ఆయన ప్లేటుకు దక్కినవి బిర్యానీ ఆకులూ లవంగాలూ. "తీర్పు దినం ముందే వచ్చేసింది స్వా," అని ఆ ఆకుల్నే చప్పరించాడు.

చలికాలం వచ్చేసరికి ఆయన మంచం దిగడం తగ్గింది. ఒకరోజు ఉదయం నేను మందులిస్తుంటే తలుపు చప్పుడైంది. చీరాల ఆంటీ. చీర మీద ఉన్ని కోటు, చేతిలో కూర గిన్నె. నావైపు చూడకుండా సరాసరి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అంకుల్‌తో చెప్పు నాయనా. దేవుని సన్నిధిలో లేచి నిలబడి అర్థం తప్పు చెప్పాను. అది నన్ను నిద్రపోనివ్వట్లేదు. ఆయనకేదో ప్రార్థన చెప్పేవాళ్లు కావాలంటగా. కనీసం మాటలైనా సరిగ్గా నేర్చుకుంటాను. ఒక్కో ముక్కా చెప్పమను."

చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటకే చూశాడు. ఈసారి ముందు జోకేమీ లేదు.

అలా మొదలైంది. ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. మొదట్లో నేను మధ్యలో కూర్చుని తర్జుమా చేసేవాణ్ణి. కొద్ది రోజులకే ఇద్దరూ నన్ను పక్కకు నెట్టేశారు. ఆవిడ తెలుగులో గదమాయించేది, ఆయన పాపియామెంటులో పోట్లాడేవాడు, పని జరిగిపోయేది. "ఏంటండీ ఆ మింగడం? చివరి అక్షరం బయటికి రానివ్వండి!" అని ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషినే దిద్దేది. "తండ్రిని తాతా అంటారేంటి వీళ్లు?" అని మొదటి రోజే ఆగిపోయింది; 'నోస్ తాతా' అంటే 'మా తండ్రీ' అని నేను నచ్చజెప్పాల్సి వచ్చింది. ఒకరోజు ఆయన చెప్పిన ప్రకారం వాళ్ల వంట కూడా చేసింది. మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేసి, పక్కన బెండకాయ పులుసు.

"ఇది మా సంకటే!" అంది. పులుసు గరిటెతో ఎత్తి చూసి ముఖం చిట్లించింది. "బెండకాయ ఇంత జిగురుగా వండితే మా అత్తగారు నన్ను పుట్టింటికి పంపేసేది."

ఆ మాట తెలుసుకుని పెద్దాయన అన్నాడు, "మా దీవిలో జిగురు లేకుండా వండితే పంపేస్తారు. మీ అత్తకు మా ఊళ్లో సంబంధం దొరకదని చెప్పు."

ప్రార్థన మొత్తం ఆవిడ నోటికి వచ్చిన రోజున ఆయన తినలేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

పాతిపెట్టిన రోజు టౌరంగాలో సముద్రపు గాలి గొడుగుల్ని తిప్పేస్తోంది. ఫాదర్ ఇంగ్లీషులో చెప్పవలసింది చెప్పారు. కూతురు గోతి అంచున, చేతిలో తండ్రి టోపీతో నిలబడి ఉంది. మా సహవాసం అంతా వచ్చింది, పిల్లలతో సహా. పెట్టె దించుతుండగా చీరాల ఆంటీ ముందుకొచ్చి, చెప్పులు విడిచి, తడి గడ్డి మీద నిలబడి కళ్లు మూసుకున్నారు.

"నోస్ తాతా..."

సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పించే రాగం అది. ఆ రాగం వింటే మా పిల్లలకు తిరిగి చెప్పడం తప్ప ఇంకోటి తెలియదు. ఆంటీ ముక్క చెప్పి ఊపిరి పీల్చుకోగానే వెనకనుంచి పిల్లలందరూ అదే ముక్క గట్టిగా చెప్పారు. ఇంట్లో తెలుగులో మంచినీళ్లు కూడా అడగని పిల్లలు! పెద్దవాళ్లూ అందుకున్నారు. పరలోకం మాట అయింది, నామం అయింది, రాజ్యం అయింది.

రొట్టె దగ్గరికొచ్చి ఆంటీ ఆగిపోయారు. మాట రాలేదు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. పిల్లలు ఎదురుచూస్తున్నారు. నాకు గుర్తు తెచ్చుకోవాలని ఉంది. నా తల నిండా మాత్రల పేర్లే.

"దునా నోస్ అవే..."

మెల్లగా, బొంగురుగా. మేమందరం ఆ గొంతెవరిదా అని చూశాం. తిరిగి మాట్లాడలేనన్న కూతురు. టోపీని ఛాతీకి అదుముకుని, గోతిలోకి చూస్తూ, రొట్టె అడిగింది. అప్పులు క్షమించమంది. ఆంటీ ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, చటుక్కున పిల్లల్లో ఒకత్తిగా మారి ఆమె వెనకే చెప్పడం మొదలుపెట్టింది. చివర ఆమేన్ దాకా ఆ అమ్మాయే నడిపించింది.

ఆమేన్ అయ్యాక ఆంటీ ఆమె బుగ్గలు రెండూ పట్టుకుని, ఏడుస్తూనే తెలుగులో తిట్టింది. "వచ్చుగా నీకు! మొత్తం వచ్చుగా! మరి ఇన్నాళ్లూ నా నాలుక ఎందుకే అరగదీశావు తల్లీ!" ఆంటీ ఏమందని ఆ అమ్మాయి నన్ను అడిగింది. నేను తర్జుమా చేయబోతే చెయ్యి అడ్డంపెట్టి, "వద్దు, అర్థమైంది," అంది. తర్వాత ఆంటీ భుజం మీద తల పెట్టి తన తండ్రి భాషలో ఏదో చాలాసేపు చెప్పింది. ఆంటీ ఊ కొట్టింది. ఈసారి ఎవరికీ అర్థం చెప్పలేదు.

ఇది చదువుతున్న ప్రియులారా, ఒక్క నిమిషం నాతో తల వంచండి. ఆల్బనీలో ఆ అమ్మాయి ఇంట్లో, తిరిగి మాట్లాడటానికి ఎవరూ లేని భాష ఒకటి ఇప్పుడే నోరు విప్పింది. అది మళ్లీ మూసుకుపోకుండా ఆమెకు ఒక తోడును పంపమని అడుగుదాం. మన పిల్లల నోళ్ల కోసం అడుగుదాం. మీకు గ్రాంథికం రాకపోయినా ఫరవాలేదు. పిల్లల మీద ఏ భాషలో కేకలేస్తారో, కూరలో ఉప్పు తక్కువైతే ఏ భాషలో సణుగుతారో, ఆ భాషలోనే గట్టిగా మొదలుపెట్టండి. తండ్రీ...

మీరూ చెప్పండి.